పిట్టల ఫొటోలకి రెడ్ డాట్ సైటా, స్పాటింగ్ స్కోపా? డబ్బులు పెట్టే ముందు ఇది చదవండి

సికింద్రాబాద్‌లో ఆదివారం పొద్దున్నే ఏ చెరువు గట్టు మీదకి వెళ్లినా ఇప్పుడు కనీసం ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కెమెరాతో కనిపిస్తున్నారు. సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, కాస్త ఓపికుంటే శామీర్‌పేట. వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఒకటే కొనగలను. జూమ్ కెమెరా తీసుకుని దాని మీద రెడ్ డాట్ సైట్ పెట్టుకోనా, లేక ఉన్న ఫోన్‌కే స్పాటింగ్ స్కోప్ తగిలించుకోనా?"

దీనికి నా దగ్గర ఒక టెస్ట్ ఉంది. మీ ఫోన్‌లోనో, ఫ్రెండ్ కెమెరాతోనో ఇప్పటిదాకా తీసి డిలీట్ కొట్టిన పిట్టల ఫొటోలు గుర్తు తెచ్చుకోండి. వాటిలో ఎక్కువ ఖాళీ ఆకాశం, ఖాళీ కొమ్మలు, ఫ్రేమ్ అంచున తోక ముక్క మాత్రమే ఉంటే మీ సమస్య "దొరకకపోవడం". దానికి మందు రెడ్ డాట్. అలా కాకుండా పిట్ట ఫ్రేమ్ మధ్యలోనే ఉంది, కానీ గోరింకో లకుముకో తెలియనంత చిన్న మచ్చలా ఉంది అంటే మీ సమస్య "కనపడకపోవడం". దానికి మందు స్కోప్. ఈ రెండూ వేరే జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మిగతా ఆర్టికల్ అంతా ఎందుకు పనిచేయదో చెప్పడానికే.

ముందు టర్కీ కోడి సంగతి

"రెడ్ డాట్ వర్సెస్ స్కోప్" అని యూట్యూబ్‌లో కొట్టి చూడండి. మనకి కావాల్సింది రాదు. అమెరికాలో టర్కీ కోళ్ల వేట వీడియోలు వరసగా వస్తాయి. వాళ్ల వాదన ఆసక్తికరమైనదే. అక్కడ టర్కీని షాట్‌గన్‌తో కొడతారు, దూరం సాధారణంగా 40 గజాల లోపు, అంటే సుమారు 36 మీటర్లు. అంత దగ్గర్లో పెద్ద మాగ్నిఫికేషన్ అక్కర్లేదు, రెండు కళ్లూ తెరిచి గురి చూడగలగాలి, పక్షి కదిలితే వెంటనే వెంట తిప్పగలగాలి. అందుకని చాలామంది రెడ్ డాట్ వైపు మొగ్గుతారు. అదే తుపాకీని జింకలకీ వాడేవాళ్లు తక్కువ పవర్ స్కోప్ అంటారు.

మన దగ్గర ఆ ప్రశ్నే పుట్టదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మొదట్లో కొన్ని జంతువులకి లైసెన్స్ మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్‌గన్ కదా అని దాని మీద రెడ్ డాట్ బిగించి పిట్టలని కొట్టినా అది వేటే. తుపాకీ చిన్నదైతే నేరం చిన్నదైపోదు.

కానీ ఆ అమెరికా వాదనలో లాజిక్ ఉంది చూశారా, దగ్గరగా కదిలేదానికి డాట్, దూరంగా నిలబడేదానికి స్కోప్ అని, అది కెమెరాకి అలాగే వర్తిస్తుంది. తుపాకీ తీసేసి లెన్స్ పెట్టండి, అంతే.

చుక్క పుట్టింది ఎక్కడ?

రెడ్ డాట్ అనగానే మనకి పబ్‌జీ గుర్తొస్తుంది. అసలు ఐడియా 1900 నాటిది. డబ్లిన్‌లో టెలిస్కోపులు తయారుచేసే హోవార్డ్ గ్రబ్ ఆ ఏడాది రిఫ్లెక్టర్ సైట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఈ గ్రబ్ మనకి కొత్తవాడేం కాదు. నవాబ్ జఫర్ జంగ్ తన సొంత సరదా కోసం తెప్పించుకుని, ఆ తర్వాత బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీకి చేరిన 15 అంగుళాల టెలిస్కోప్ గ్రబ్ కంపెనీదే. అంటే రెడ్ డాట్ తాతగారి చేతి పని సికింద్రాబాద్ పక్కకే వచ్చిందన్నమాట. ఇప్పుడు మనం చూసే ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ని 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ తెచ్చింది.

పనిచేసే తీరు సింపుల్. లోపల చిన్న ఎల్ఈడీ ఉంటుంది. దాని కాంతి ముందున్న వంపు అద్దం మీద పడి వెనక్కి, మీ కంటికి వస్తుంది. అద్దం మీద ఉండే కోటింగ్ ఎర్ర కాంతిని తిప్పికొట్టి మిగతా రంగుల్ని వదిలేస్తుంది, కాబట్టి అవతలి దృశ్యం మామూలుగానే కనిపిస్తుంది, దాని మీద ఎర్ర చుక్క తేలుతూ ఉంటుంది. ఆ కాంతి కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి చుక్క అద్దం మీద కాకుండా చాలా దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. తల కొంచెం అటూ ఇటూ జరిగినా గురి పెద్దగా మారదు.

ఒక అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. ఇది లేజర్ కాదు. చుక్క మీ కంటికే కనిపిస్తుంది, పిట్ట మీద ఏమీ పడదు. చెరువు గట్టు మీద వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్ "ఏంటి బాబూ, లేజర్ కొడుతున్నావా?" అని అడుగుతారు. విసుక్కోకుండా వాళ్లకి కూడా ఒకసారి చూపించండి, సమస్య అక్కడితో తీరిపోతుంది.

83 ఎక్స్ జూమ్‌లో పిట్ట ఎందుకు దొరకదు?

అసలు కెమెరాకి గురి చూసే చుక్క ఎందుకు అనేవాళ్లకి చిన్న లెక్క. నికాన్ పీ950 తీసుకుందాం. 2020లో వచ్చింది, 83 ఎక్స్ ఆప్టికల్ జూమ్, 35 ఎంఎం లెక్కలో 24 నుంచి 2000 ఎంఎం. 2000 దగ్గర, 30 మీటర్ల దూరంలో ఆ కెమెరాకి కనిపించే వెడల్పు సుమారు అర మీటరు. అంటే ఒక కిటికీ రెక్క అంత. పీ1000, దాని తర్వాత 2025లో వచ్చిన పీ1100 అయితే 3000 ఎంఎం, అదే దూరంలో 35 సెంటీమీటర్లే. స్ట్రా లోంచి క్రికెట్ మ్యాచ్ చూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు గద్ద సంగతి చూడండి. మన ఊళ్లో చికెన్ షాపుల మీద రోజంతా తిరిగే మామూలు గద్దే. 50 మీటర్ల దూరంలో పీ950 ఫ్రేమ్ వెడల్పు సుమారు 87 సెంటీమీటర్లు. గద్ద సెకనుకి 10 మీటర్లు పోతోంది అనుకుంటే, ఫ్రేమ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి పదో వంతు సెకను కూడా పట్టదు. మీరు వ్యూఫైండర్‌లో వెతకడం మొదలుపెట్టే లోపు అది వెళ్లిపోయి ఉంటుంది. చాలామంది దీన్ని ఆటోఫోకస్ స్లో అని తిడతారు. ఆటోఫోకస్ స్లోనే, కాదనను. కానీ ఫ్రేమ్‌లో లేని పిట్ట మీద ఏ ఆటోఫోకస్ పడుతుంది?

డాట్ సైట్ ఉంటే మీరు వ్యూఫైండర్ చూడరు. కెమెరా పైన ఫ్లాష్ తగిలించే షూ మీద సైట్ కూర్చుంటుంది. మీరు సైట్ అద్దంలోంచి, రెండు కళ్లూ తెరిచి, మామూలు సైజులో ప్రపంచాన్ని చూస్తారు. చుక్కని గద్ద మీద ఉంచి తిప్పుతూ పోవడమే. లెన్స్ 2000 ఎంఎంలో ఏం చూస్తోందో మీరు చూడనక్కర్లేదు. నికాన్ ఈ కెమెరాల కోసమే డీఎఫ్-ఎం1 అనే డాట్ సైట్ చేసింది. ఒలింపస్ అయితే 2014లోనే ఎస్‌పీ-100ఈఈ అనే కెమెరాలో సైట్‌ని లోపలే పెట్టేసింది, తర్వాతి ఏడాది ఈఈ-1 అని విడిగా అమ్మింది. ఈఈ-1 మామూలు హాట్ షూ ఉన్న వేరే కంపెనీ కెమెరాల మీద కూడా కూర్చుంటుంది, కాబట్టి మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లు కూడా చూడొచ్చు. ఆన్‌లైన్‌లో ఎయిర్‌గన్ల కోసం అమ్మే చవక రెడ్ డాట్‌కి ఒక అడాప్టర్ కలిపి హాట్ షూ మీద బిగించేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది. కాకపోతే ఆ అడాప్టర్ ఏమాత్రం వదులుగా ఉన్నా మీరు చేసిన గురి సెట్టింగ్ అంతా ఇంటికి వెళ్లేలోపు పోతుంది.

పీ950 కొన్నవాళ్లు డాట్ సైట్ కొనే ముందు ఇంకోటి ట్రై చేయండి. లెన్స్ పక్కన స్నాప్-బ్యాక్ జూమ్ బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి వెడల్పుగా కనిపిస్తుంది, వదిలితే మళ్లీ పాత జూమ్‌కి పోతుంది. కూర్చున్న పిట్టలకి ఇది చాలు. ఎగిరేవాటికే చాలదు.

గురి సెట్ చేయడం, అందులో ఉన్న మెలిక

డాట్ సైట్ బాక్స్ విప్పగానే పనిచేయదు. చుక్కా, లెన్స్ సెంటరూ ఒకే చోట పడేలా మీరే కలపాలి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి, కదలని వస్తువుని ఎంచుకోండి. నాకైతే ఎదురు బిల్డింగ్ వాటర్ ట్యాంక్ మీదున్న కంపెనీ లోగో బాగా పనికొస్తుంది. దాన్ని ఫుల్ జూమ్‌లో స్క్రీన్ మధ్యకి తెచ్చి, కెమెరా కదలకుండా, సైట్‌కి ఉన్న రెండు చిన్న మరలు తిప్పి చుక్కని కూడా అక్కడికే తేవాలి. అంతే, ఐదు నిమిషాల పని.

మెలిక ఎక్కడంటే, సైట్ లెన్స్‌కి కొన్ని సెంటీమీటర్లు పైన ఉంటుంది. రెండు చూపులూ ఒక్క దూరంలోనే కలుస్తాయి. ఆ ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుని, మీరు 30 మీటర్లకి సెట్ చేశారనుకుందాం. 10 మీటర్ల దగ్గరకి పిట్ట వస్తే చుక్క ఉన్న చోటికీ లెన్స్ సెంటర్‌కీ దాదాపు 7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 2000 ఎంఎంలో 10 మీటర్ల దగ్గర ఫ్రేమ్ ఎత్తే 13 సెంటీమీటర్లు. అంటే చుక్క సరిగ్గా పిట్ట మీదే ఉంటుంది, ఫొటోలో మాత్రం పిట్ట అంచు దాటిపోతుంది! దూరం వైపు ఇంత బాధ లేదు. 100 మీటర్లలో తేడా 23 సెంటీమీటర్లు వచ్చినా అక్కడ ఫ్రేమ్ ఎత్తు 1.3 మీటర్లు కాబట్టి పిట్ట లోపలే ఉంటుంది. అందుకని మీరు ఎక్కువగా తీసే దూరానికి సెట్ చేసుకోండి. చెరువు గట్టుకి 40 మీటర్లు నా లెక్క. దగ్గరకి వచ్చిన పిట్టకి డాట్ వదిలేసి జూమ్ తగ్గించి వ్యూఫైండర్‌లో చూడటమే నయం.

డాట్ పనితనం బాగా తెలియాలంటే నలుపు తెలుపు లకుముకి పిట్టని పట్టుకోండి. ఇది నీళ్ల మీద ఒకే చోట రెక్కలాడిస్తూ గాల్లో ఆగుతుంది, తర్వాత రాయిలా కిందికి దూకుతుంది. ఆగిన ఆ కొద్ది సెకన్లలోనే దాన్ని ఫ్రేమ్‌లోకి తేవాలి. వ్యూఫైండర్‌తో వెతికితే పది సార్లలో ఎనిమిది సార్లు నీళ్లే వస్తాయి. డాట్‌తో ఆగిన చోటు వెంటనే దొరుకుతుంది. దూకేది మాత్రం ఈ చిన్న సెన్సార్ కెమెరాలతో రావడం కష్టమే, ఆశ పెట్టుకోకండి.

స్కోప్ చేసే పని వేరు

ఇప్పుడు రెండో వైపు. స్పాటింగ్ స్కోప్ అంటే ట్రైపాడ్ మీద నిలబెట్టే ఒంటి గొట్టం టెలిస్కోప్. 20-60x80 అని రాసి ఉంటే 20 నుంచి 60 రెట్లు మాగ్నిఫికేషన్, ముందు అద్దం 80 మిల్లీమీటర్లు. దాని ఐపీస్‌కి ఫోన్ కెమెరాని ఆనించి ఫొటో తీయడాన్ని డిజిస్కోపింగ్ అంటారు. 1999 ప్రాంతంలో మలేషియా బర్డర్ లారెన్స్ పో చిన్న డిజిటల్ కెమెరాతో ఇలా తీసి ప్రపంచమంతా పాపులర్ చేశారు. ఇప్పుడు ఆ చిన్న కెమెరా స్థానంలోకి మన ఫోన్ వచ్చింది.

లెక్క చాలా తేలిక. ఫోన్ లెన్స్ ఎంఎంని స్కోప్ రెట్లతో గుణించండి. మెయిన్ కెమెరా 24 ఎంఎం అయితే, 20 ఎక్స్ దగ్గర 480 ఎంఎం, 60 ఎక్స్ దగ్గర 1440 ఎంఎం. ఫోన్‌లో 2 ఎక్స్ పెడితే దానికి డబుల్. పోలిక కోసం: గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో 10 ఎక్స్ లెన్స్ 230 ఎంఎం. 100 ఎక్స్ స్పేస్ జూమ్ అని రాసి ఉన్నదంతా ఆ తర్వాత క్రాప్, సాఫ్ట్‌వేర్. 2025లో వివో ఎక్స్300 ప్రోకి వచ్చిన టెలిఫొటో ఎక్స్‌టెండర్ కూడా ఆ 85 ఎంఎం లెన్స్‌ని 200 ఎంఎం చేస్తుంది. కచేరీలకి సూపర్. చెరువు అవతలి గట్టు మీద బాతుకి చాలదు.

"పీ950 దగ్గర 2000 ఉంది కదా, స్కోప్ 1440యే కదా" అంటారా? కాగితం మీద నిజమే. కానీ కాంతి చూడండి. పీ950 ఫుల్ జూమ్‌లో అసలు ఫోకల్ లెంగ్త్ 357 ఎంఎం, ఎఫ్/6.5. భాగిస్తే 55 ఎంఎం. కాంతిని పట్టే రంధ్రం అదీ. స్కోప్‌ది 80. వైశాల్యంలో రెండు రెట్లు పైనే. పైగా మంచి స్కోప్‌లో కంటితో చూస్తే కనిపించే వివరం ఏ ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లోనూ రాదు. బాతు ముక్కు ఆకారం, కాళ్ల రంగు, ఈకల అంచులు, గంట సేపు చూసినా కళ్లు అలిసిపోవు. ఫొటో రాకపోయినా పిట్ట ఏదో మీకు తెలిసిపోతుంది. నా దృష్టిలో స్కోప్ అసలు విలువ ఇదే, ఫొటో బోనస్.

సలీం అలీ 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆ రోజుల్లో పిట్ట ఏదో కచ్చితంగా తేల్చాలంటే కాల్చి, చర్మం భద్రపరిచి చూడటమే పద్ధతి. ఆ పని ఇప్పుడు 80 ఎంఎం గాజు ముక్క చేస్తోంది, పిట్టకి తెలియకుండానే.

ఫోన్ పెట్టే తలనొప్పి

స్కోప్ రివ్యూల్లో దీని గురించి పెద్దగా చెప్పరు కాబట్టి వివరంగా చెప్తా.

ఫోన్ లెన్స్ సరిగ్గా ఐపీస్ మధ్యలో లేకపోతే ఫొటో చుట్టూ నల్లటి గుండ్రం వస్తుంది. ఇప్పటి ఫోన్లలో వెనక మూడు నాలుగు లెన్సులు పెద్ద గుట్టలా ఉండటంతో యూనివర్సల్ క్లాంప్ అడాప్టర్ బిగించడమే ఒక యజ్ఞం. అదయ్యాక ఫోన్ తెలివితేటలు మొదలవుతాయి. వెలుతురు తగ్గిందనో, వస్తువు దగ్గరగా ఉందనో తనంతట తాను ఇంకో లెన్స్‌కి మారిపోతుంది. ఆ లెన్స్ ముందు స్కోప్ లేదు, కాబట్టి స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రో మోడ్‌లోకి వెళ్లి మెయిన్ లెన్స్‌కి లాక్ చేయండి. ఐఫోన్ ప్రో మోడల్స్‌లో ఐపీస్ దగ్గరగా ఉండటం చూసి మ్యాక్రోకి మారుతుంది, సెట్టింగ్స్‌లో మ్యాక్రో కంట్రోల్ ఆన్ చేసుకుంటే స్క్రీన్ మీద వచ్చే పువ్వు గుర్తు నొక్కి దాన్ని ఆపొచ్చు.

షట్టర్‌ని వేలితో నొక్కకండి. 60 ఎక్స్ దగ్గర మీ ఊపిరి కూడా భూకంపమే. 2 సెకన్ల టైమర్, లేదా బ్లూటూత్ రిమోట్. వీలైతే 4కే వీడియో తీసి ఫ్రేమ్ తీసుకోండి.

ఇంకోటి, 60 ఎక్స్ చూసి మురిసిపోకండి. ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతి కడ్డీ వెడల్పు, ముందు అద్దాన్ని రెట్లతో భాగిస్తే వస్తుంది. 20 ఎక్స్‌లో 4 మిల్లీమీటర్లు, 60 ఎక్స్‌లో 1.3. చాలా ఫోన్ల మెయిన్ లెన్స్ రంధ్రం 3 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, అంటే 60 దగ్గర ఫోన్‌కి సగం ఆకలే తీరుతుంది. ఐఎస్ఓ పెరుగుతుంది, సాఫ్ట్‌వేర్ ఈకల్ని ఆయిల్ పెయింటింగ్ చేసేస్తుంది. పైగా మన దక్కన్ ఎండ. ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిది దాటితే నేల మీద గాలి మరుగుతున్న నీళ్లలా ఆడుతుంది, ఎంత ఖరీదైన గాజు అయినా ఆ గాలిని దాటి చూడలేదు. 25, 30 రెట్ల మధ్య ఉండండి, అందంగా వస్తుంది. అందుకే 60 దాకా పోయే చవక స్కోప్ కంటే, 40 దగ్గర ఆగిపోయే మంచి గాజు స్కోప్ కొనమంటాను.

ట్రైపాడ్ ఖర్చు విడిగా రాసుకోండి. స్కోప్‌కి బడ్జెట్ అంతా పెట్టి, రీల్స్ తీసే సన్న స్టాండ్ మీద పెడితే గాలికి అది ఊగుతూనే ఉంటుంది. డాట్ సైట్‌కి ఈ బాధ లేదు. చేత్తో పట్టుకుని తిప్పడమే దాని ఉద్దేశం.

ఎంత దగ్గరకి వెళ్తారు అన్నది చట్టం విషయం కూడా

ఇది స్పెక్స్ షీట్‌లో ఉండదు. వన్యప్రాణి చట్టంలో "వేట" అనే మాటకి ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లని పాడుచేయడం, గూళ్లని కదిలించి అలజడి చేయడం కూడా ఉన్నాయి. తుపాకీ అక్కర్లేదు. క్లోజప్ కోసం కొమ్మలు పక్కకి తోసి గూడు తీసిన ఫొటో కూడా ఆ లెక్కలోకి రావచ్చు. ఫోన్‌తో "ఇంకొంచెం దగ్గరకి, ఇంకొంచెం" అని జరిగేవాళ్లకి స్కోప్ ఇచ్చే అసలు సౌకర్యం 50 మీటర్ల దూరం. తల్లి పక్షి లేచిపోదు, ఎండలో పిల్లలు మాడిపోవు.

పాలపిట్ట గురించి కూడా చెప్పాలి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు చూస్తే శుభం అని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని క్యాష్ చేసుకోడానికి పండగ రోజు పంజరంలో పట్టుకొచ్చి డబ్బులకి చూపించేవాళ్లు ఉంటారు, అది నేరం. కరెంటు తీగ మీద, ఎండిన కొమ్మ మీద చాలాసేపు కదలకుండా కూర్చునే పిట్ట ఇది. అందుకని స్కోప్‌కి ఇంతకంటే మంచి మోడల్ దొరకదు. మీ ఇంట్లోవాళ్లని వరసగా నిలబెట్టి ఐపీస్‌లోంచి చూపించండి. ఆ నీలం రంగు రెక్క విప్పి ఎగిరినప్పుడు ఫొటో కావాలంటే మాత్రం మళ్లీ డాటే.

సికింద్రాబాద్ వాళ్లకి ఒక స్పెషల్ జాగ్రత్త. మన చుట్టూ కంటోన్మెంట్ ఉంది. శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. "ఫొటోగ్రఫీ నిషేధం" బోర్డు ఉన్న గోడ పక్కన పొడుగు లెన్స్, దాని మీద తుపాకీ సైట్‌లా కనిపించే ఎర్ర చుక్క, ఈ కాంబినేషన్‌తో గోడ మీది గద్దని గురి చూడకండి. కాపలా జవానుకి మీరు బర్డర్ అని ఎలా తెలుస్తుంది? స్కోప్‌తోనూ అంతే. బ్యాగ్‌లో పెట్టుకుని దాటేయండి.

మరి నేనైతే ఏం కొంటాను?

ఇంట్లో జూమ్ కెమెరా ఇప్పటికే ఉంటే ఆలోచించక్కర్లేదు, డాట్ సైట్ తీసుకోండి. కెమెరా ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు, తేడా మాత్రం మొదటి రోజే కనిపిస్తుంది. మిర్రర్‌లెస్ మీద 300 ఎంఎం లోపు లెన్స్ వాడేవాళ్లకి అనవసరం, అంత వెడల్పు ఫ్రేమ్‌లో పిట్టని కంటితోనే పట్టొచ్చు.

ఏమీ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది అనేవాళ్ల విషయంలో నేను స్కోప్ వైపే ఉంటాను, కొంతమంది ఒప్పుకోరని తెలిసినా. కారణం, ఫోన్ రెండేళ్లకి మారుతుంది, కెమెరా సెన్సార్ ఐదేళ్లకి పాతదైపోతుంది, మంచి గాజు మాత్రం అలాగే ఉంటుంది. కొత్త ఫోన్ కొన్న ప్రతిసారీ మీ స్కోప్ కూడా అప్‌గ్రేడ్ అయినట్టే. కాకపోతే ఎగిరే పిట్టల మీద ఆశ వదులుకోవాలి. స్కోప్‌తో ఎగిరే గద్దని పట్టడం అంటే సూదిలోంచి ఏనుగుని లాగడమే. రీల్స్ కోసం యాక్షన్ షాట్లు కావాలంటే మీరు స్కోప్ జోలికి పోకండి, సెకండ్ హ్యాండ్ బ్రిడ్జ్ కెమెరా ప్లస్ డాట్ చూడండి.

కొనే ముందు ఒకసారి స్కోప్‌లోంచి చూడాలంటే, హైదరాబాద్‌లో దక్కన్ బర్డర్స్ లాంటి గ్రూపుల ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లండి. ఎవరో ఒకరి దగ్గర స్కోప్ ఉంటుంది, అడిగితే చూపిస్తారు. చలికాలం బెస్ట్. ఉత్తరం నుంచి బాతులు దిగుతాయి, 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మీద దూరంగా తేలే గుంపుల్లో ఏది ఏ బాతో తేల్చడం స్కోప్‌కి సరైన పరీక్ష.

షాపులో చెక్ చేసేవి చెప్పేస్తా. స్కోప్ అయితే బయటికి తీసుకెళ్లి, ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న కరెంటు తీగ మీద ఫోకస్ చేయండి. తీగ అంచుకి ఊదా రంగో పచ్చ రంగో అంటుకుని కనిపిస్తే ఆ గాజు అంత మంచిది కాదు. ఎక్కువ జూమ్‌లో బోర్డు మీద అక్షరాలు చదవండి, మసకగా ఉంటే ఆ జూమ్ లేనట్టే లెక్క. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పి చూడకండి, కన్ను పోతుంది. డాట్ సైట్ అయితే మిట్ట మధ్యాహ్నం తెల్లటి గోడ మీద గురి చూడండి. ఫుల్ బ్రైట్‌నెస్‌లో చుక్క కనిపించకపోతే అది ఇంట్లో ఆడుకోడానికే. తర్వాత హాట్ షూలో బిగించి వేలితో నెమ్మదిగా కదపండి, ఏమాత్రం ఆడినా వద్దు. చివరగా దాని బటన్ సెల్ నంబర్ రాసుకుని, అక్కడే ఇంకోటి కొనేయండి. శామీర్‌పేట గట్టు మీద ఆ సెల్ అమ్మే షాప్ లేదు.